బల్లకు అటూ ఇటూ టోనీ మారిసన్

టోనీ మారిసన్ పేరు మన పత్రికల్లో వచ్చినప్పుడల్లా రెండే సంగతులు చెబుతారు. 1993లో సాహిత్యానికి నోబెల్ అందుకున్న తొలి నల్లజాతి స్త్రీ అని, 'బిలవ్డ్' అనే గొప్ప నవల రాసిందని. రెండూ నిజమే. కానీ ఆమె జీవితంలో దాదాపు ఇరవై ఏళ్లు ప్రచురణ సంస్థల ఆఫీసుల్లో, ఇతరుల రాతప్రతులు చదువుతూ, దిద్దుతూ, వాటి కోసం పై అధికారులతో వాదిస్తూ గడిచాయి. ఆ ఇరవై ఏళ్లను "కొంతకాలం ఎడిటర్‌గా పనిచేశారు" అన్న ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఇతరుల రాతలు దిద్దే పనిలోనే బతుకు గడుపుతున్నదాన్ని కాబట్టి ఆ వాక్యం చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ ఆఫీసు బల్ల లేకపోతే 'బిలవ్డ్' లేదు. నవలాకారిణి, ఎడిటర్, విమర్శకురాలు అని మనం మూడు ముక్కలుగా చెప్పుకునే ఆ మనిషి చేసింది ఒకటే పని. పుస్తకాల్లోకి రాకుండా ఎవరు మిగిలిపోయారో, ఎందుకు మిగిలిపోయారో వెతకడం.

అసలు పేరు క్లోయీ వోఫర్డ్. ఊరు అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న లొరైన్. ఉక్కు మిల్లులు, ఓడల యార్డులు, వాటిలో పని కోసం యూరప్ నుంచీ, అమెరికా దక్షిణాది నుంచీ వచ్చిపడిన కూలి కుటుంబాలు. 1931 ఫిబ్రవరి 18న అక్కడ పుట్టింది, నలుగురు పిల్లల్లో రెండోది. ఆమెకు రెండేళ్లప్పుడు, నెలకు నాలుగు డాలర్ల అద్దె కట్టలేకపోయారన్న కోపంతో ఇంటి యజమాని వాళ్లు లోపల ఉండగానే ఇంటికి నిప్పు పెట్టాడు. పెద్దవాళ్లు కుంగిపోలేదు, ఆ మనిషి వెర్రితనానికి నవ్వారు. ఆ నవ్వు గురించి మారిసన్ తర్వాత ఎన్నోసార్లు చెప్పింది. అంత దుర్మార్గం ఎదురైనప్పుడు, దాన్ని తమ లోపలికి రానివ్వకుండా ఉండటానికి వాళ్లు ఎంచుకున్న దారి అది అని.

తండ్రి జార్జ్ వోఫర్డ్ వెల్డర్. ఒకరోజు ఓడకు వేసిన అతుకు ఎంత చక్కగా కుదిరిందంటే, దాని మీద తన పొడి అక్షరాలు వేసి వచ్చానని ఇంట్లో చెప్పాడు. అది ఎవరికీ కనపడదు కదా అని కూతురు అడిగింది. అక్కడుందని తనకు తెలుసు కదా అన్నాడు తండ్రి. పేరు అట్ట మీద పడని పనిలో ఉన్న మా బోటివాళ్లకు ఈ ముచ్చట ఎంత నచ్చుతుందో వేరే చెప్పాలా!

పన్నెండేళ్లకు క్యాథలిక్ మతంలో చేరి ఆంథొనీ అన్న పేరు తీసుకుంది. దానిలోంచే 'టోనీ' వచ్చింది. చదువు మీద ఆశతో 1949లో వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీకి వెళ్లింది, 1955లో కోర్నెల్‌లో ఎం.ఏ. పూర్తిచేసింది. అక్కడ ఆమె థీసిస్ వర్జీనియా వూల్ఫ్, విలియం ఫాక్నర్ల మీద. తర్వాత హ్యూస్టన్‌లోనూ, మళ్లీ హోవర్డ్‌లోనూ పాఠాలు చెప్పింది. 1958లో హెరల్డ్ మారిసన్ అనే జమైకా ఆర్కిటెక్టును పెళ్లి చేసుకుంది, 1964లో విడిపోయింది. చంకలో పిల్లాడు, చేయి పట్టుకుని ఇంకో పిల్లాడు. 1965లో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో, ర్యాండమ్ హౌస్‌కు అనుబంధంగా ఉన్న పాఠ్యపుస్తకాల సంస్థలో ఎడిటర్ ఉద్యోగంలో చేరింది. పగలు బడి పుస్తకాలు దిద్దేది. ఇల్లు నిద్రపోయే వేళల్లో తన నవల రాసుకునేది. పసుపు రంగు కాగితాల ప్యాడ్ మీద పెన్సిల్‌తో రాస్తుంటే ఒకసారి ఒళ్లో ఉన్న పిల్లాడు కాగితం మీద కక్కుకున్నాడు. ఆమె ఆ మరకను తుడవకుండా, దాని చుట్టూ రాసుకుంటూ పోయింది. కక్కు తర్వాతైనా తుడవొచ్చు, తట్టిన వాక్యం మళ్లీ దొరక్కపోవచ్చు.

ఆ నవలే 'ది బ్లూయెస్ట్ ఐ'. 1970లో అచ్చయ్యేనాటికి ఆమెకు 39 ఏళ్లు. నీలి కళ్లు వస్తే తనను అందరూ ప్రేమిస్తారని నమ్మిన పికోలా అనే నల్లపిల్ల కథ. ఆ నవల మొదటి పేజీ దగ్గర కాసేపు ఆగాలి. చిన్నపిల్లల వాచకంలో ఉండేలాంటి ఒక పేరా ఉంటుంది అక్కడ. అందమైన ఇల్లు, నవ్వే అమ్మ, బలమైన నాన్న, ఆడుకునే కుక్క. అదే పేరా రెండోసారి వస్తుంది, ఈసారి చుక్కలు, కామాలు, పెద్దక్షరాలు ఏవీ ఉండవు. మూడోసారి మాటల మధ్య ఖాళీలు కూడా పోయి అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఊపిరాడకుండా చేస్తాయి. మూడుసార్లూ అక్షరాలు అవే. మొదటిది తెల్లవాళ్ల ఇల్లు, మూడోది పికోలా ఇల్లు. రోజంతా బడి పుస్తకాల ప్రూఫుల్లో చుక్క ఎక్కడ పెట్టాలి, ఖాళీ ఎక్కడ వదలాలి అని చూసిన మనిషికే ఇలాంటి ఆలోచన వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను. చుక్క తీసేస్తే ఏమవుతుందో ప్రూఫులు దిద్దేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఈ నవల వస్తోందని ఆమె తన ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. ప్రచురించిన సంస్థ కూడా వేరేది. పత్రికల్లో సమీక్షలు వచ్చాకే తోటివాళ్లకు తెలిసింది. అప్పటికే ఆమె సిరక్యూస్ నుంచి న్యూయార్క్ నగరంలోని ర్యాండమ్ హౌస్‌కు మారి, అక్కడి ఫిక్షన్ విభాగంలో తొలి నల్లజాతి మహిళా సీనియర్ ఎడిటర్ అయింది.

ఇక్కడ కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన దగ్గర ఎడిటర్ అంటే పత్రిక సంపాదకుడే గుర్తొస్తాడు. పుస్తకానికి ఎడిటర్ ఉండటం ఈమధ్యే అక్కడక్కడా మొదలైంది. చాలామంది తెలుగు రచయితలు డీటీపీ తామే చేయించుకుని, ప్రూఫులు తామే చూసుకుని, సొంత డబ్బుతో అచ్చు వేయించుకుని, ఆవిష్కరణ సభలో పంచుకుంటారు. న్యూయార్క్‌లో పుస్తకాల ఎడిటర్ పని అలాంటిది కాదు. ఏ రాతప్రతి కొనాలో ఎడిటర్ ఎంచాలి. సంస్థ మీటింగులో నిలబడి అది అమ్ముడవుతుందని ఒప్పించాలి. రచయితతో కూర్చుని వాక్యం వాక్యం చూడాలి. అట్ట బొమ్మ, వెనక అట్ట మీది నాలుగు మాటలు, ఊరూరా తిరిగి పుస్తకం అమ్మే సేల్స్ మనుషులకు చెప్పాల్సిన కథ, అన్నీ ఆ ఎడిటర్ చేతిమీదుగానే సాగాలి. ఎవరి పుస్తకం దేశం చదవాలన్నది చాలావరకు ఆ కుర్చీలో తేలుతుంది.

ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ఎందుకు ముఖ్యమో ఒక లెక్క చెబుతుంది. రిచర్డ్ జీన్ సో అనే పరిశోధకుడు 1950 నుంచి 2000 వరకు ర్యాండమ్ హౌస్ వేసిన నవలల్ని లెక్కపెట్టి చూశాడు. వాటిలో 97 శాతం తెల్లవాళ్లు రాసినవే. మారిసన్ ఉద్యోగకాలం ఈ యాభై ఏళ్ల మధ్యలోనే పడుతుంది. మిగిలిన ఆ కాస్త చోటు కోసం ఆమె ఎంత పెనుగులాడిందో ఊహించుకోవచ్చు.

ఆమె పట్టుకొచ్చిన పుస్తకాల్ని చూడండి. 1972లో ఆఫ్రికా రచయితల సంకలనం ఒకటి తెచ్చింది. చినువా అచెబె, వోలె షోయింకా అందులో ఉన్నారు. అదే ఏడు టోనీ కేడ్ బాంబారా తొలి కథల పుస్తకం 'గొరిల్లా, మై లవ్' వచ్చింది. 1974లో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ ఆత్మకథ. జైలు, విచారణ, నిర్దోషిగా విడుదల, ఇవన్నీ దాటి వచ్చిన ముప్పై ఏళ్లలోపు మనిషి ఆమె. ఈ వయసులో ఆత్మకథేమిటని మొదట ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక కూడా రాజకీయ వ్యాసంలా రాస్తుంటే, ఆ గది ఎలా ఉంది, అక్కడ ఎవరున్నారు, ఏం కనపడింది అని మారిసన్ అడుగుతూ పోయేది. ఆ పని సాగుతున్నప్పుడు డేవిస్ కొన్నాళ్లు మారిసన్ ఇంట్లోనే ఉంది. పొద్దున ఆఫీసుకు కారు నడుపుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా మారిసన్ ఓ కాగితం తీసి తన నవలకు రెండు ముక్కలు రాసుకోవడం తాను చూశానని డేవిస్ తర్వాత చెప్పింది. 1975లో బాక్సర్ మహమ్మద్ అలీ ఆత్మకథ వచ్చింది, దానికీ ఎడిటర్ ఈమే.

అలీ పుస్తకానికి పాఠకుల్ని వెతకాల్సిన పనిలేదు. గేల్ జోన్స్ సంగతి అలా కాదు. బ్రౌన్ యూనివర్సిటీలో చదువుతున్న, ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఓ అమ్మాయి రాతప్రతుల్ని ఆమెకు పాఠాలు చెప్పే కవి మైకేల్ హార్పర్ మారిసన్‌కు పంపాడు. చదివి మారిసన్ అదిరిపోయింది. నల్లజాతి స్త్రీ గురించిన నవల ఇకమీద మునుపటిలా ఉండబోదని ఆమెకు అనిపించింది. 1975లో 'కొరెగిడోరా' పేరుతో అది అచ్చయ్యేనాటికి రచయిత్రికి పాతికేళ్లే. కెంటకీలో బ్లూస్ పాటలు పాడే అర్సా అనే స్త్రీ కథ. బ్రెజిల్‌లో ఆమె ముత్తవ్వనూ అవ్వనూ ఒకే బానిస యజమాని చెరిచాడు. బానిసత్వం పోయాక రికార్డులు తగలబెట్టేశారు. కాగితం లేదు కాబట్టి సాక్ష్యం మన కడుపున పుట్టే పిల్లలే, కనండి, చెప్పండి, మరిచిపోనివ్వకండి అని ఆ ఇంటి ఆడవాళ్లు ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ వస్తారు. ఆ భారం మోసే అర్సాకు పిల్లలు పుట్టే అవకాశమే పోతుంది. తగలబడిన కాగితాల గురించిన ఈ నవలను ఎడిట్ చేసిన మనిషే, దొరికిన కాగితాలన్నీ ఏరి ఇంకో పుస్తకం వేసింది. దాని దగ్గరికి ఇంకాసేపట్లో వస్తాను.

హెన్రీ డూమస్ అనే కవి, కథకుడు 1968లో న్యూయార్క్ సబ్‌వే స్టేషన్లో పోలీసు తూటాకు చనిపోయాడు. వయసు 33. బతికుండగా అతని పేరు బయట పెద్దగా తెలియదు. మిత్రుడు యూజీన్ రెడ్‌మండ్ అతని కవితల్నీ కథల్నీ సమకూర్చాడు, మారిసన్ వాటిని 1974లో ర్యాండమ్ హౌస్ నుంచి తెచ్చి ఆవిష్కరణ జరిపించింది. చనిపోయిన రచయిత సభలకు రాడు, ఇంటర్వ్యూలు ఇవ్వడు, రెండో పుస్తకం రాయడు. అలాంటి రచయిత మీద పెద్ద సంస్థ చేత డబ్బు పెట్టించడం ఎంత కష్టమో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ఆమె తిప్పి పంపిన రాతప్రతుల గురించి కూడా చెప్పాలి. మన వారపత్రికలకు కథ పంపేటప్పుడు తిరుగు టపాకు స్టాంపులు అంటించిన కవరు జతచేసే రోజుల్లో, ఆ కవరులో కథతోపాటు ఒక అచ్చు కాగితం వచ్చేది. ప్రచురించలేకపోతున్నందుకు చింతిస్తున్నాం అని. ఎందుకు బాగాలేదో, ఎక్కడ చెడిందో ఎవరూ చెప్పేవారు కాదు. మారిసన్ రాసిన తిరస్కరణ ఉత్తరాలు కొలంబియా యూనివర్సిటీలోని ర్యాండమ్ హౌస్ పత్రాల్లో ఉన్నాయి. వాటిలో ఆమె రాతప్రతి ఎక్కడ బలంగా ఉందో, ఎక్కడ కూలిందో వివరంగా, మొహమాటం లేకుండా రాసింది. కొన్నిట్లో లోపం రచనది కాదని, అలాంటి పుస్తకాన్ని అమ్మడం తెలియని మార్కెట్‌దని ఒప్పుకుంది. ఇంకో సంస్థకు పంపి చూడమని దారి చూపింది. హోవర్డ్ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేనా విలియమ్స్ ఈ ఎడిటర్ జీవితం మీదే 'టోనీ ఎట్ ర్యాండమ్' అని 2025లో ఒక పుస్తకం వేసింది. ఎడిటర్ గురించి పుస్తకం రావడమే అరుదు, మన భాషలో ఇలాంటిది ఒక్కటైనా రావాలి.

ఇప్పుడు ఆ కాగితాల పుస్తకం దగ్గరికి వద్దాం. 1970ల మొదట్లో నల్లజాతి చరిత్ర అంటే నాయకుల చరిత్రగా, ఉపన్యాసాల చరిత్రగా అచ్చవుతోందని మారిసన్‌కు బెంగ ఉండేది. మామూలు మనుషులు ఏం తిన్నారు, ఏం పాడారు, ఏం కనిపెట్టారు, ఎలా ప్రేమించుకున్నారు అన్నది ఎక్కడుంది? మిడిల్టన్ హ్యారిస్, ఇంకొందరు ఏళ్ల తరబడి ఇలాంటివి సేకరిస్తూ వచ్చారు. పత్రికల కత్తిరింపులు, ఫొటోలు, బానిసల వేలం ప్రకటనలు, మనిషిని అమ్మిన రసీదులు, నల్లవాళ్లు కనిపెట్టిన పరికరాల పేటెంట్ బొమ్మలు, పాటల కాగితాలు, వంటల పద్ధతులు. వాళ్లను కూర్చోబెట్టి మారిసన్ 'ది బ్లాక్ బుక్' తయారుచేయించింది. 1974లో వచ్చిన ఆ పుస్తకంలో అధ్యాయాలు ఉండవు. ఇంట్లో ఎవరో పాత ట్రంకుపెట్టె మన ముందు తెరిచి పెట్టినట్టు ఉంటుంది. అట్ట మీద మారిసన్ పేరు లేదు.

ఆ పేజీలు కూర్చుతుండగా ఆమె కంటపడింది ఒక 1856 నాటి పత్రిక వార్త. బిడ్డను చంపిన ఒక బానిస తల్లిని జైల్లో చూసివచ్చిన మతబోధకుడు రాసింది. ఆ తల్లి మార్గరెట్ గార్నర్. ఆ ఏడాది జనవరిలో, గడ్డకట్టిన ఒహాయో నది మీదుగా కెంటకీ నుంచి సిన్సినాటీకి భర్తతో, నలుగురు పిల్లలతో, అత్తమామలతో పారిపోయి వచ్చింది. నదికి అటు బానిసత్వం, ఇటు స్వేచ్ఛ. కానీ 1850 చట్టం ప్రకారం పారిపోయిన బానిస ఎక్కడ దొరికినా యజమానికి అప్పజెప్పాలి. తరుముతూ వచ్చినవాళ్లు ఇంటిని చుట్టుముట్టేసరికి, తిరిగి బానిసత్వంలోకి పంపడం ఇష్టంలేక తన చిన్నారి కూతురి గొంతు కోసింది. మిగిలిన పిల్లల్నీ చంపబోయింది, ఈలోపు పట్టుకున్నారు.

తర్వాత కోర్టులో జరిగింది ఇంకా ఘోరం. ఆమెను హత్యానేరం కింద విచారించాలని కోరింది బానిసత్వాన్ని వ్యతిరేకించేవాళ్లు. ఎందుకంటే హంతకురాలు అనాలంటే ముందు ఆమె మనిషి అని ఒప్పుకోవాలి. చంపింది యజమాని ఆస్తిని కాదు, తన బిడ్డను అని ఒప్పుకోవాలి. కోర్టు ఆ దారి పట్టలేదు. ఆమెను ఆస్తిగా లెక్కగట్టి యజమానికి తిప్పి పంపింది. రెండేళ్లకే ఆమె మిసిసిపీలో టైఫాయిడ్‌తో చనిపోయింది. ఆ మతబోధకుడి వార్తలో మారిసన్‌ను పట్టి ఆపింది ఆ తల్లి నిబ్బరం. ఆమెకు మతి చలించలేదు, తాను చేసిందేమిటో నిదానంగా చెప్పింది. ఇంకో సంగతి కూడా ఉందక్కడ. అత్తగారితో కూడా ఆయన మాట్లాడాడు. ఎనిమిదిమంది పిల్లల్ని కన్నానని, వాళ్లలో చాలామందిని తనకు కాకుండా చేశారని, కోడలు ఆ పని చేస్తుంటే ప్రోత్సహించనూ లేదు, వారించనూ లేదని ఆ ముసలామె చెప్పింది. 'బిలవ్డ్' చదివినవాళ్లకు ఇక్కడ ఒళ్లు జలదరిస్తుంది. ఎనిమిదిమందిని కని, దాదాపు అందర్నీ పోగొట్టుకున్న బేబీ సగ్స్ అనే అత్తగారు అందులో నడిచేది ఇక్కడి నుంచే.

ఈలోపు ఆమె సొంత నవలలూ వస్తున్నాయి. 1973లో 'సూలా', 1977లో 'సాంగ్ ఆఫ్ సాలమన్', 1981లో 'టార్ బేబీ'. ఈ మూడింటికీ ఎడిటర్ క్నాఫ్ సంస్థలోని రాబర్ట్ గాట్లీబ్. అంటే ఆమె బల్లకు రెండో వైపునా కూర్చుంది. 'సూలా' చిన్నది, బిగువైనది. దాన్ని సరిగ్గా కుదిరిన సానెట్‌తో పోల్చి, అయినా మళ్లీ అలాంటిదే రాయొద్దని, ఈసారి విశాలంగా రాయమని గాట్లీబ్ చెప్పాడు. ఆ మాటకు జవాబుగా వచ్చిందే 'సాంగ్ ఆఫ్ సాలమన్'. మంచి ఎడిటర్ తప్పు దిద్దడమే కాదు, రచయిత తర్వాత ఎటు నడవాలో కూడా పసిగడతాడు.

1983లో ఆమె ర్యాండమ్ హౌస్ వదిలేసింది. కొద్ది రోజులకు హడ్సన్ నది ఒడ్డున తన ఇంటి ముందున్న చెక్కవంతెన మీద కూర్చుని ఉండగా గుండె దడదడలాడటం మొదలైందట. ఏదో భయం అనుకుంది. తర్వాత అర్థమైంది, అది సంతోషమని, ఇన్నేళ్లలో తొలిసారి తన సమయమంతా తనదేనని. అప్పుడే నీళ్లలోంచి ఒక ఆడమనిషి నడిచి వస్తున్నట్టు ఊహలో కనపడింది. ఉద్యోగంలో దొరికిన వార్త పదేళ్లు లోపల నాని, ఉద్యోగం వదిలాక నవలైంది. గార్నర్ జీవితం గురించి ఇంకా పరిశోధించడానికి ఆమె కావాలనే ఒప్పుకోలేదు. వార్త చెప్పినంత చాలు, మిగతాది తాను కల్పించాలి.

1987లో వచ్చిన 'బిలవ్డ్'లో సేథ అనే తల్లి ఉండే ఇంటి నంబరు 124. నవల ఆ అంకెతోనే మొదలవుతుంది. నలుగురు పిల్లల్లో చనిపోయింది మూడోది. 1, 2, 4 ఉన్నాయి, 3 లేదు. నవలంతా ఆ లేని 3 తిరిగొచ్చి ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందన్నదే. పేజీ అంకెల్లో ఒకటి తప్పిపోయిందేమోనని చూడటం మాకు అలవాటు. ఇక్కడ తప్పిపోయిన అంకె ఒక పసిబిడ్డ.

ఆ ఏడు నేషనల్ బుక్ అవార్డు ఆ నవలకు రాలేదు. 1988 జనవరిలో 48 మంది నల్లజాతి రచయితలు, విమర్శకులు న్యూయార్క్ టైమ్స్‌లో బహిరంగ ప్రకటన చేశారు. అంతకు ముందు నెలలోనే జేమ్స్ బాల్డ్విన్ పెద్ద జాతీయ అవార్డేదీ అందుకోకుండా చనిపోయాడు, మారిసన్‌కూ అదే జరగబోతోందా అని అడిగారు. ఆ పేర్ల వరసలో ఏంజెలా డేవిస్ ఉంది, బాంబారా ఉంది, లూసిల్ క్లిఫ్టన్, జూన్ జోర్డన్ ఉన్నారు. వీళ్లంతా ఆమె ఎడిట్ చేసిన రచయిత్రులు. ఆ వసంతంలో 'బిలవ్డ్'కు పులిట్జర్ వచ్చింది. ఆ ప్రకటన వల్లే వచ్చిందని కొందరు గొణిగారు. నవల చదివినవాళ్లెవరూ ఆ మాట అనరు.

ఇక విమర్శ. 1990లో హార్వర్డ్‌లో ఆమె ఇచ్చిన ఉపన్యాసాలు 1992లో 'ప్లేయింగ్ ఇన్ ది డార్క్' పేరుతో వచ్చాయి. వంద పేజీలు కూడా లేని ఆ పుస్తకం అమెరికన్ సాహిత్యాన్ని చదివే తీరునే మార్చేసింది. పో, మెల్విల్, విల్లా కేథర్, హెమింగ్వే లాంటి తెల్ల రచయితల పుస్తకాల్లో నల్లవాళ్లు అంచుల్లోనే ఉంటారు, చాలాసార్లు పేరు కూడా ఉండదు. వాళ్లు అక్కడ లేకపోతే ఈ తెల్ల నాయకుల స్వేచ్ఛ, ధైర్యం, అమాయకత్వం ఏవీ నిలబడవని ఆమె చూపించింది. రచయితల్ని తిట్టే పుస్తకం కాదిది. వాళ్ల చేతిపని మీద గౌరవంతో, చేయి ఎక్కడ తడబడిందో చూపించే పుస్తకం.

ఒక ఉదాహరణ చూడండి. హెమింగ్వే నవల 'టు హ్యావ్ అండ్ హ్యావ్ నాట్'లో హ్యారీ మోర్గన్ అనే పడవ యజమాని చేపల వేటకు పోతాడు. చుక్కాని పట్టుకున్నది పేరులేని ఒక నల్లవాడు. ముందు ఎగిరే చేపల గుంపు నీళ్లలోంచి లేస్తుంది. చుక్కాని దగ్గరున్నవాడికి అది ముందు కనపడుతుంది. మామూలుగా అయితే అతను కేకేయాలి. కానీ ఆ భాగంలో హెమింగ్వే అతనికి మాట ఇవ్వదలచుకోలేదు. అందుకని హ్యారీ చేత, నేను చూస్తే అతను చేపల్ని చూసినట్టు నాకు కనపడింది అన్న అర్థం వచ్చే మెలికల వాక్యం రాయించాల్సి వచ్చింది. పొడి పొడి వాక్యాలకు పేరుపడ్డ హెమింగ్వే చేతిలోంచి వచ్చిన వంకర వాక్యం అది. వేలమంది ప్రొఫెసర్లు దాటిపోయిన ఆ వాక్యం దగ్గర మారిసన్ ఆగింది. ఏళ్ల తరబడి రాతప్రతుల్లో నడవని వాక్యాన్ని పట్టుకుని, రచయిత ఇక్కడ ఏం దాస్తున్నాడని అడిగిన మనిషి ఆమె. ఒక మనిషి నోరు నొక్కితే వాక్యం నడుం వంగిపోతుందని రుజువు చేసింది. ఇది విమర్శ అంటే నాకు ఒప్పుకోవాలని ఉంది, ఇది ఎడిటింగ్ అన్నా అంతే సంతోషంగా ఒప్పుకుంటాను.

నోబెల్ తర్వాతి కథ అందరికీ తెలిసిందే కాబట్టి పొడిగించను. నోబెల్ కన్నా ముందు 1989 నుంచే, 2006 వరకు ప్రిన్స్‌టన్‌లో ప్రొఫెసర్‌. 1998లో 'ప్యారడైజ్', 2003లో 'లవ్', 2008లో 'ఎ మెర్సీ', 2012లో 'హోమ్', 2015లో 'గాడ్ హెల్ప్ ది చైల్డ్'. వీటిలో 'ఎ మెర్సీ' నా లెక్కలో 'బిలవ్డ్' పక్కన నిలబడగలది, చివరి నవల మాత్రం పల్చగా ఉంది. 'హోమ్' రాస్తుండగా 2010లో చిన్నకొడుకు స్లేడ్ క్యాన్సర్‌తో చనిపోయాడు. రాయడం ఆగిపోయి, కొంతకాలానికి మళ్లీ మొదలైంది. 2019 ఆగస్టు 5న ఆమె 88 ఏళ్ల వయసులో కన్నుమూసింది.

అయితే ఆ మధ్యకాలంలో జరిగిన ఒక పని గురించి తక్కువమంది మాట్లాడతారు. ఆమె తొలినాళ్లలో పుస్తకం వేసిన టోనీ కేడ్ బాంబారా ఆమెకు ప్రాణస్నేహితురాలైంది. 1979 నుంచి 1981 దాకా అట్లాంటాలో నల్లజాతి పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమై శవాలై తేలారు. అప్పుడు ఆ ఊళ్లోనే ఉన్న బాంబారా దాని మీద ఏళ్ల తరబడి ఒక నవల రాస్తూ పోయింది. 1995లో ఆమె చనిపోయేసరికి దాదాపు 1,800 పేజీల రాతప్రతి మిగిలింది. రచయిత్రి లేదు, ఇక్కడ ఏమనుకున్నావమ్మా అని అడగడానికి మనిషి లేదు. అప్పటికి మారిసన్ నోబెల్ గ్రహీత, యూనివర్సిటీలో పాఠాలు, చేతిలో సొంత నవల. అయినా ఆ కట్ట ముందేసుకుని కూర్చుంది. ముందు బాంబారా కథలు, వ్యాసాలు 1996లో ఒక సంపుటిగా తెచ్చింది. తర్వాత ఆ 1,800 పేజీల్ని ఒక పుస్తకంలో పట్టేలా కుదించింది. ఉద్యోగం వదిలి పదహారేళ్లయ్యాక, 1999లో అది 'దోజ్ బోన్స్ ఆర్ నాట్ మై చైల్డ్' పేరుతో అచ్చయింది. తప్పిపోయిన కొడుకును వెతుక్కుంటూ పోలీసుల చుట్టూ, పత్రికల చుట్టూ, ఊరి సందుల చుట్టూ తిరిగే ఓ తల్లి కథ అది. 'బిలవ్డ్' చదివినవాళ్లు వెంటనే దీన్ని కూడా తెప్పించుకుని చదవండి.